కోడలు కట్టిన కాయలు

ఖివా దగ్గర ఒక ఊరు, డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం. చలికాలానికి కర్బూజాలు దాచుకునే మట్టికొట్టు. దూలాలకు జమ్ముగడ్డి ఉట్లలో వేలాడుతున్న కాయల్లో సగం, పండవలసిన రోజులు రాకముందే మెత్తబడిపోయాయి. పీట మీద ఇంటి యజమానురాలు అనాబికా, ఎదురుగా ఆమె అన్నకూతురు, తాష్కెంటులో పంటల పరిశోధన చేసే ఇక్లిమా. నిచ్చెన మీద బుఖారా కోడలు మెహ్రినిసా. కాపురానికొచ్చి ఏడాది దాటినా ఆ పిల్ల నోటినుంచి ఒక పూర్తి వాక్యం విన్నట్టు అనాబికాకు గుర్తు లేదు.

"అంటే ఇప్పుడు నువ్వు చెప్పేదేమిటే ఇక్లిమా? నా కాయా, ఆ ఖందలక్ రకం కాయా ఒకటేనా?"

"ఒకటని అనలేదత్తా. పండమని చెప్పే జన్యువు రెండింట్లోనూ ఒకటే అన్నాను. అక్షరం తేడా లేదు."

"దీనికేనా మా అన్నయ్య గొర్రెలమ్మి నిన్ను తాష్కెంటు పంపింది? ఖందలక్ అంటే ఏమిటో తెలుసా నీకు? ఎండాకాలం రాకముందే తొందరపడి పండుతుంది. పొద్దున కోస్తే సాయంత్రానికి కుళ్ళుతుంది. మర్నాటికి ఈగలు కూడా మొహం తిప్పుకుంటాయి. మా ఇంట్లో దాన్ని దూడలకి వేస్తాం."

"అదృష్టం చేసుకున్న దూడలు."

"నవ్వకు. నా కాయ చూడు. మంచు కురిసే వేళ కోసి కడితే, మార్చిలో నౌరోజు పండక్కి కూడా కత్తి దిగాలంటే బలం కావాలి. మా ఖోరజం సీమలో ఏ పెళ్ళివారైనా ముందు నా గుమ్మం తొక్కుతారు, తర్వాతే పెళ్ళికూతురింటికి పోతారు. దానికీ దీనికీ తేడా లేదట! ఏమే, నిన్నే, నిచ్చెన మీదున్నదాన్ని. ఆ మూలకాయ నొక్కి చూడు. మెత్తబడిందా?"

"ఊఁ."

"విన్నావా? 'ఊఁ' అట. బుఖారా వాళ్ళకి మాట కూడా బరువే. పొద్దున్న వంగి సలాము, రాత్రి వంగి సలాము, మధ్యలో 'ఊఁ'. దీనికంటే మా మేక నయం, అరుస్తుంది."

"నువ్వు మాట్లాడనిస్తే కదత్తా."

"నేనేం నోరు కట్టేశానా? సరే, దాని సంగతి వదిలెయ్. పోయినసారి వచ్చి మెత్తవాటిలో ముక్కలూ, గట్టివాటిలో ముక్కలూ కోసుకుపోయావు. ఏం తేలింది? దీని చేతివల్లే పోయాయని తేలిందా, లేదా?"

"చెయ్యికి పరీక్ష ఉండదత్తా. కాయకే."

"మరెందుకా చదువు? ఇంటికొచ్చిన కోడలు మొదటి ఉట్టికి ముడి వెయ్యాలి. మా అత్త వేసింది, నేను వేశాను. నేను ముడేసిన ఏటి కాయలు ఎంత గట్టిగా నిలిచాయంటే, మా మావగారు 'ఇది కోడలు కాదు, రాయి' అన్నారు. మెచ్చుకునే అన్నారు. ఇది ముడేసింది, చూడు. సగం కొట్టు నీరుగారింది. హస్తవాసి అంటే అదీ."

"అందుకని పుట్టింటికి పంపేస్తావా?"

"పంపకుండా, దీన్ని కూడా ఉట్టికి కట్టమంటావా? అన్నకి ఫోను చేసి రమ్మని మొన్ననే చెప్పాను దీనికి. ఆ ఇస్తామ్ గాడు సాయంత్రంలోగా దిగుతాడు. వాడి ముందు నువ్వొక్క మాట చెప్పు చాలు. 'పరీక్ష చేశాం, మీ చెల్లెలి చెయ్యి మంచిది కాదు.' తాష్కెంటు నోటినుంచి వస్తే వాడు నోరెత్తడు. బుఖారా వాళ్ళకి తాష్కెంటు అంటే భయం."

"ఇందుకా నన్ను పిలిచింది! నేనింకా కాయల మీద దిగులుతో పిలిచావనుకున్నాను."

"కాయల మీద దిగులే. కారణం చేతిలో ఉంటే దిగులు తగ్గుతుంది."

"కారణం వేరే ఉంది. వింటావా?"

"కుదురుగా చెప్తే వింటాను. పాఠంలా చెప్తే నిద్రపోతాను."

"సరే, పొయ్యి సంగతి చెప్పుకుందాం. మీ తందూరూ, పక్కింటి మత్‌యాకూబ్ వాళ్ళ తందూరూ, రెండూ కట్టింది ఒకడే కదా?"

"ఒకడే. మట్టి కూడా ఒక బండిలోదే. అయినా వాళ్ళ రొట్టె మాడుతుంది."

"ఎందుకు మాడుతుంది?"

"బుద్ధి లేక. కింద గాలికన్నం పిడికిలి దూరేంత పెట్టించుకున్నారు. గాలి ఎక్కువ, మంట ఎక్కువ, పైన బొగ్గు, లోపల పిండి. నాది చూడు, రెండు వేళ్ళు పడితే గొప్ప. సన్నటి గాలి, సన్నటి మంట. రొట్టె దానంతటది తీరిగ్గా కాలుతుంది."

"అంతే! నేను చెప్పేదదే. పొయ్యిలో తేడా లేదు, కన్నంలో ఉంది. కాయలోనూ అంతే. ఆ జన్యువుకి ముందు కాస్త జాగా ఉంటుంది. అది తనంతట తను ఏ పనీ చెయ్యదు. ఎప్పుడు మండాలి, ఎక్కడ మండాలి, ఎంత మండాలి అన్నది మాత్రం అదే తేలుస్తుంది. ఆ జాగాయే కాయకి గాలికన్నం. ఖందలక్‌లో అది పెద్దది. తీగ మీద ఉండగానే భగ్గుమని పండిపోతుంది. నీ కాయలో సన్నం. కోసి కట్టినా నెలల తరబడి నివురుగప్పిన నిప్పులా ఉంటుంది."

"అంటే, మా వంశం ఇన్ని తరాలు మురిసిపోయింది ఒక కన్నం చూసుకునా?"

"మీ వంశం ఒక్కటే కాదులే. పంటల్లో మనం గొప్ప అనుకునేవాటిలో చాలా భాగం అదే. కొత్త సరుకేం పుట్టలేదు. ఉన్న సరుకే ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా, ఒకదాంట్లో ముందూ ఒకదాంట్లో వెనకా. అడవిలో పొదలా కొమ్మలేసే గడ్డి పొలంలో ఒంటికాడ మొక్కజొన్నగా నిలబడ్డా, గోళీకాయంత టమాటా గుప్పెడయినా, అంతా ఈ కన్నాల సంగతే. మనిషి మంచి కన్నం చూసి, దాని గింజ దాచుకున్నాడు. అంతే."

"అయితే మీ మావయ్య జుమనియాజ్‌కి కూడా అన్నీ ఉన్నాయన్నమాట."

"ఏవత్తా?"

"తెలివీ, ఓపికా, పొద్దున్నే లేచే గుణం. అన్నీ ఉన్నాయి, కన్నం మూసుకుపోయింది. బతికినన్నాళ్ళూ నేను ఊదుతూనే ఉన్నాను. పొగ తప్ప మంట రాలేదు."

"పోయినవాళ్ళనీ వదలవా?"

"ఉన్నప్పుడు వినలేదు. ఇప్పుడైనా ఖాళీగా ఉంటాడు, వింటాడేమోనని. సరే, కన్నాలు అర్థమయ్యాయి. మరి సన్న కన్నం ఉన్న నా కాయ ఎందుకు మెత్తబడింది? ఇది ముడేసినప్పుడు కన్నం పెద్దదైందా?"

"లేదు. ప్రతి కాయలోనూ అలాంటి కన్నాలు రెండుంటాయి. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. గట్టిగా ఉన్నవాటిలో రెండూ సన్నవే. మెత్తబడ్డవాటిలో మాత్రం ఒకటి సన్నం, ఒకటి పెద్దది. ఒక్కటి పెద్దదైనా చాలు, మంట లేస్తుంది. తల్లి నీ కాయే అత్తా. తండ్రి వేరు."

"ఛీ! నోరు కడుక్కో. నా కొట్లో రంకు కాయలా?"

"తేనెటీగలకి నిఖా పట్టింపు ఉండదు మరి."

"ఎవడు వాడు? తండ్రెవడు?"

"ఖందలక్."

"అల్లా! ఉట్టిలో ఉరేసుకోవాలి నేను. ఆగు, ఆగాగు. దొరికింది! దొరికిందే ఇక్లిమా! దీని పెట్టెలో పుట్టింటి గింజల మూట ఒకటుంది. ఈ వసంతంలో కాలవగట్టున నాటింది. నా కళ్ళారా చూశాను."

"చూసి, వద్దని చెప్పలేదా?"

"చెప్తే మానేస్తుంది కదా. తప్పు పూర్తిగా చెయ్యనిద్దామని ఊరుకున్నాను."

"నువ్వు మామూలు అత్తవి కాదు."

"అందరూ అంటారు. ఇంకేం, తేలిపోయింది. బుఖారా గింజ, బుఖారా పుప్పొడి, నా కాయ సర్వనాశనం. సాయంత్రం ఇస్తామ్‌తో ఇదే చెప్పు. హస్తవాసి కన్నా ఇదే బాగుంది, చదువులా వినపడుతుంది."

"తేలలేదు. ఆమె నాటింది ఖందలక్ కాదు. నేను చూశాను. కాదు సరే, అయిందే అనుకో. ఈ ఏడు పుప్పొడి ఎక్కడినుంచి వచ్చి పడినా ఈ ఏటి కాయ గుజ్జు మారదు. గుజ్జు తల్లి ఒళ్ళు. తండ్రి పోలిక గింజలో ఉంటుంది. ఆ గింజ నాటితే, అది మొలిచి కాస్తే, అప్పుడు గానీ బయటపడదు."

"మళ్ళీ పాఠం."

"కడుపుతో ఉన్నదాని మొహం చూసి, పుట్టబోయేవాడి ముక్కు ఎలా ఉంటుందో చెప్పగలవా?"

"మా వీధిలో ఒకరిద్దరి విషయంలో చెప్పాను."

"అత్తా!"

"సరేలే. కడుపు వేరు, బిడ్డ వేరు. అయితే?"

"అయితే, ఈ ఏడాది మెత్తబడ్డ కాయలన్నీ నిరుటి కాయల పిల్లలు. తప్పు నిరుడు పూత వేళ జరిగింది. నిరుడు కాయ బాగానే నిలిచింది కదా?"

"బాగా నిలిచిందా? నౌరోజుకి కోస్తే జిల్లా పెద్దమనిషి లేచి నిలబడ్డాడు."

"నిలబడే ఉంటాడు. గుజ్జు నీదేగా. లోపల గింజలు మాత్రం అప్పటికే చెడ్డాయి. వాటినే కడిగి, ఆరబెట్టి, ఈ ఏడు నాటావు."

"అబ్బ. ఎంత దొంగ గింజలు! నా చేత్తోనే కడిగాను."

"ఇప్పుడు చెప్పు. నిరుడు పూత వేళకి మెహ్రినిసా ఎక్కడుంది?"

"ఎక్కడో ఉంది."

"పెళ్ళెప్పుడయింది?"

"నిరుడు పత్తి తీతలయ్యాక."

"అంటే పూత వేళకి బుఖారాలో వాళ్ళమ్మ దగ్గర ఉంది. అక్కడ కూర్చుని ఇక్కడి పూలనెలా చెడగొట్టింది?"

"సంబంధం అప్పటికే ఖాయమైంది. పాదం గుణం ముందే మొదలవుతుంది. ఏం, జ్వరం రాకముందు వణుకు రాదా?"

"ఇది నేను ఇస్తామ్‌కి చెప్పాలా? తాష్కెంటు పరువు తీస్తావా?"

"అయితే మత్‌యాకూబ్. ఇంకెవరు? కాలవ అవతలే వాడి పొలం. వాడి మొహం చూడు, ముమ్మూర్తులా ఖందలక్ మొహం. గుండ్రంగా, పచ్చగా, లోపల ఏమీ లేకుండా."

"ఆయన పొలం నిరుడంతా పత్తి. నువ్వే చెప్పావు, పురుగు పట్టిందని సంబరపడ్డావు కూడా."

"పత్తి మధ్య దొంగతనంగా పెట్టుంటాడు."

"అత్తా, ఇన్ని కాయలు చెడాలంటే ఎక్కడో కాలవ అవతల తీగ చాలదు. ఖందలక్ పాదు నీ పాదుల పక్కనే ఉండాలి. నీ గోడ లోపలే."

"నా గోడ లోపలా? నా గోడ లోపల ఖందలక్కా? నోటికెలా వచ్చిందే ఆ మాట? మా అత్త సమాధిలోంచి లేచొస్తుంది. నాకు తెలీదా దాని బతుకు! వేలు పెడితే దిగిపోతుంది, కత్తితో పని లేదు. నోట్లో పెట్టుకుంటే ఏముంది, నమలక్కర్లేదు, దానంతటదే గొంతులోకి జారిపోతుంది వెధవది. పొద్దున్నే ఎండెక్కకముందు కోస్తే, రాత్రంతా చల్లబడి, తేనె పోసినట్టు చెంచాలోకి… అదీ ఒక కాయేనా! థూ!"

"అత్తా."

"ఏం?"

"ఇదంతా మీ దూడలు చెప్పాయా?"

"ఏమిటి?"

"చెంచాతో తినే దూడలు ఎక్కడా ఉండవు. ఎప్పుడు తిన్నావు?"

"చిన్నప్పుడు. మా పుట్టింట్లో. మీ నాన్ననడుగు."

"చిన్నప్పుడు తిన్నవాళ్ళు తీపి గుర్తుపెట్టుకుంటారు. 'నమలక్కర్లేదు' అన్నది గుర్తుపెట్టుకోరు. అది పళ్ళు పోయినవాళ్ళ మాట."

"నా పళ్ళ జోలికి రాకు. బంగారం అవి. నవ్వితే వీధి చివరకి కనపడతాయి."

"ముందరివి బంగారం. వెనకవి?"

"వెనక ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను. పొద్దున రొట్టె చాయ్‌లో నానబెట్టి మింగావు. పలావులో మాంసం ముక్క నా పళ్ళెంలో వేసి, 'తిను, చిక్కిపోయావు' అన్నావు. నువ్వు జన్మలో ఎవరికీ మాంసం ముక్క వదల్లేదత్తా."

"ప్రేమతో వేశాను."

"నీ కొట్లో కాయ నువ్వు తిని ఎన్నాళ్ళయింది?"

"కోసిపెడతాను కదా. అందరూ తింటారు. నేను కూర్చుని చూస్తాను. కరకరమని వినపడుతుంది. బాగుందా అంటే బాగుందంటారు. ఇంకేం కావాలి?"

"వైద్యుడి దగ్గరికి వెళ్ళొచ్చు కదా?"

"వెళ్ళాను. ఒక కట్టు పళ్ళ సెట్టు చేశాడు. అది పెట్టుకుంటే మాట్లాడలేను. తినడం ముఖ్యమా, మాట్లాడడం ముఖ్యమా?"

"నిన్ను చూస్తే తెలుస్తూనే ఉంది. ఎక్కడ పెట్టావు పాదు?"

"మెల్లిగా! నిచ్చెన మీద చెవులున్నాయి."

"ఎక్కడ?"

"మేకలదొడ్డి వెనక. ఎంతని, రెండే రెండు పాదులు. ఎండుకంప అడ్డం పెట్టాను. కొడుక్కి తెలీదు, పక్కింటికి తెలీదు. మేకలకి తెలుసు, అవి చెప్పలేదు."

"తేనెటీగకి కనపడింది."

"దానికి సిగ్గు లేదు. అయినా అంత దూరం నడిచొస్తుందనుకోలేదు."

"నడవదత్తా, ఎగురుతుంది. అందుకే కదా మీ అత్త ఈ గోడ లోపల ఇంకో రకం నాటొద్దంది?"

"ఆవిడకి చచ్చేదాకా పళ్ళున్నాయి. ముప్పైరెండూ. అన్నం పెట్టేటప్పుడు ఎప్పుడూ వాటినే చూపించేది. పళ్ళున్నవాళ్ళు లక్ష నీతులు చెప్తారు."

"పోనీలే. విత్తనం పూర్తిగా పోలేదు. గట్టిగా నిలిచిన కాయల గింజలు నాటి, లేత ఆకులో నేను పరీక్ష చేస్తాను. పెద్ద కన్నం ఉన్న మొక్కలు పీకేద్దాం. ఒకటి రెండు కాపుల్లో నీ కాయ నీకొస్తుంది. ఇంక ఇస్తామ్ వస్తే ఏం చెప్తావు?"

"ఏముంది? ముందు అనుకున్నదే."

"అంటే?"

"హస్తవాసి. పిల్లని తీసుకుపో నాయనా అంటాను."

"అత్తా! ఇప్పుడు కదా తేలింది, ఆ పిల్ల తప్పు లేదని!"

"తేలింది నీకూ నాకూ. ఊరికి తేలలేదు. ఉట్లు చూడడానికి అడ్డమైనవాళ్ళూ వస్తున్నారు. 'ఎందుకు మెత్తబడ్డాయి అనాబికా?' అని మత్‌యాకూబ్ పెళ్ళాం రోజూ అడిగిపోతోంది, ఏదో బెంగ ఉన్నట్టు మొహం పెట్టి. ఏం చెప్పను? 'అనాబికా పళ్ళూడిపోయాయి, చాటుగా దూడల మేత తింది, తరాల విత్తనం చెడగొట్టింది' అనా?"

"నిజం అదే కదా."

"నిజం నోట్లో పెట్టుకుంటే నమలాలే. నాకు పళ్ళెక్కడివి? చూడు. అది చిన్నది. బుఖారాలో ఇంకో సంబంధం దొరుకుతుంది. వాళ్ళక్కడ ఎవర్నైనా చేసుకుంటారు. నాకీ వయసులో ఇంకో పేరు దొరుకుతుందా?"

"మరి నీ కొడుకు? వాడికి పెళ్ళామంటే ఇష్టం లేదా?"

"ఉండే ఉంటుంది. వాడు వాళ్ళ నాన్నే, మంట బయటికి రాదు. నిన్న చెప్పాను, 'నీ పెళ్ళాన్ని పంపేస్తున్నా'నని. తల గోక్కుని ట్రాక్టరు కడగడానికి పోయాడు."

"ఇస్తామ్‌కి నిజం నేను చెప్తాను."

"చెప్పు. ఇంక ఈ గుమ్మం ఎక్కకు."

"ఎక్కను. నీ పొలంలో ఆకు కూడా తుంచను. విత్తనం నువ్వే బాగుచేసుకో. మేకల్ని అడుగు, చెప్తాయి."

"చూశావా, చదువుకున్నవాళ్ళ బెదిరింపు! మొహం మీద తలుపు వేసేది కూడా శాస్త్రం పేరు పెట్టి వేస్తారు."

"మెహ్రినిసా! నువ్వు పైనుంచి అంతా విన్నావు కదా? నీకేమీ అనిపించడం లేదా? ఒక్క మాట మాట్లాడవేం?"

"దాన్నెందుకు అడుగుతావ్? దానికేమనిపిస్తుంది? కాయ కోయమంటే కోస్తుంది, పారెయ్యమంటే పారేస్తుంది. అదిగో! హారన్. వచ్చాడు బుఖారా వాడు. ఊరందరికీ తెలిసేలా ఎలా మోగిస్తున్నాడో చూడు, పెళ్ళికొచ్చినట్టు. ఏమే, దిగు. మూట కట్టుకున్నావా?"

"లేదు అత్తయ్యగారూ."

"అమ్మో, గొంతుంది దీనికి! లేదా? అన్నకి ఫోను చెయ్యమని చెప్పానా లేదా?"

"చేశాను అత్తయ్యగారూ. లారీ తెమ్మన్నాను."

"లారీ ఎందుకే? నీ సామానెంత? ఒక పెట్టె, ఒక పరుపు."

"నాకు కాదు అత్తయ్యగారూ, కాయలకి. కొత్త సంవత్సరం విందుకి బుఖారాలో ఎవరి దగ్గరా మెత్తటి కర్బూజా ఉండదు. ఎండాకాలపువి ఎప్పుడో అయిపోయాయి, చలికాలపువి నౌరోజు దాకా రాళ్ళే. మీరు పారెయ్యమన్నవి పారెయ్యలేదు. చితికినవి మేకలకి వేసి, మెత్తటివి గడ్డిలో పెట్టి ఉంచాను. మా అన్నయ్యకి బజారులో కొట్టుంది కదా."

"నన్నడక్కుండా నా కాయలు! ఇక్లిమా, వింటున్నావా? ఇది నన్నడక్కుండా…"

"వింటున్నానత్తా. నువ్వూ విను."

"నిన్ను తీసుకుపొమ్మన్న సంగతి వాడికి చెప్పావా, లేదా?"

"చెప్పలేదు అత్తయ్యగారూ. కొత్తరకం కాయ పండింది, ముందుగా వియ్యాలవారికే ఇవ్వాలని మీరే అన్నారని చెప్పాను. చాలా సంతోషించాడు. మీకు పట్టు శాలువా కూడా తెస్తున్నాడు. మా చుట్టాలు నలుగురు లారీ వెనకెక్కి వచ్చారట, మీకు సలాము చెయ్యడానికి."

"నలుగురా? వాళ్ళందరి ముందూ ఇప్పుడు నేను 'పిల్లని తీసుకుపొండి' అని ఎలా అనేది?"

"అనకండి అత్తయ్యగారూ."

"ఓసి నీ… ఇంత బుర్ర పెట్టుకుని ఇన్నాళ్ళూ 'ఊఁ' అన్నావా? మేకలదొడ్డి సంగతి కూడా ఇప్పుడే విన్నావు కదూ, పైనుంచి చెవులు రిక్కించుకుని? వాడితో అంటావా?"

"ఇప్పుడు వినలేదు అత్తయ్యగారూ. ఈ వసంతంలోనే చూశాను. మా ఇంట్లో కూడా విత్తనం కడతాం. రెండు రకాలు పక్కపక్కన పూస్తే ఏమవుతుందో తెలుసు. అందుకే రోజూ తేనెటీగలు లేవకముందు వెళ్ళి ఆ పూలు తుంచేసేదాన్ని. మీకు నాలుగు కాయలు రావడానికి మాత్రం ఉంచి."

"అందుకా! అందుకా ఈ ఏడాది నాలుగే కాశాయి! నేను మేకల్ని కొట్టాను!"

"తెలుసు అత్తయ్యగారూ. మీరు ఖందలక్ మానరు, వచ్చే ఏడూ ఎవరో ఒకరు తుంచాలి, అందుకే నేనెక్కడికీ వెళ్ళడం లేదు. కాస్త ఆ నిచ్చెన పట్టుకోండి, దిగాలి."